తెలుగు నాటకాలలో వేషమార్పు, క్వీర్ ఇతివృత్తాలు

తెలుగు నాటకాలలో పురుషుడు స్త్రీగా, స్త్రీ పురుషుడుగా మారే ఘట్టాలు, ఆ మార్పు వలన పుట్టే ఆకర్షణ, అనుమానం, హాస్యం తొలినుండీ ఉన్నాయి. తిక్కన విరాటపర్వం ద్వారా తెలుగువారికి చేరువై రంగస్థలానికి ఎక్కిన బృహన్నల, గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కంలో పెళ్ళికూతురుగా వెళ్ళిన శిష్యుడు, అదే నాటకంలో మగవేషం వేసుకొని వకీలు ఇంటికి వెళ్ళిన మధురవాణి, కూచిపూడి భామాకలాపంలోని మాధవి-మాధవుడు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. దీనికి తోడు ఆధునిక తెలుగు నాటకం మొదలైన 1880ల నుండి ఇరవయ్యవ శతాబ్దం నడిమిదాకా స్త్రీపాత్రలను ఎక్కువగా పురుషులే ధరించారు. అంటే ప్రేక్షకులు రాత్రంతా మేలుకొని చూసిన సత్యభామాకృష్ణుల ప్రణయకలహం ఇద్దరు మగవారి మధ్య నడిచినదే.

ఈ ఘట్టాలను క్వీర్ దృష్టితో చదవడం ఇటీవలి పద్ధతి. ఘట్టాలు మాత్రం పాతవి. వాటన్నిటిలోనూ కనిపించే ఒక సామాన్య లక్షణం ఉన్నది. వేషమార్పుకు ఒక గడువు ఉంటుంది. శాపం తీరేవరకు, అజ్ఞాతవాసం ముగిసేవరకు, ఒక పెళ్ళి తప్పేవరకు, తెర పడేవరకు మాత్రమే అది చెల్లుతుంది. గడువులోపల ఎంత దూరమైనా పోవడానికి నాటకం అనుమతించింది, ప్రేక్షకుడు మెచ్చుకున్నాడు. గడువు లేకుండా జీవితమంతా అలాగే ఉండదలచినవారికి మాత్రం రంగస్థలం బయట వేరే నియమాలు ఉండేవి.

పదాలు

క్వీర్ అనేది ఆంగ్లపదం. ఒకప్పుడు తిట్టుగా వాడబడి, 1980ల చివరినుండి ఆ సమూహాలవారే తమ పేరుగా స్వీకరించిన మాట ఇది. స్త్రీపురుష భేదానికి, స్త్రీపురుషుల మధ్యనే ప్రేమ ఉండాలనే నియమానికి ఇమడని జీవితాలను, భావాలను అన్నిటినీ కలిపి ఈ మాటతో సూచిస్తారు. దీనికి తెలుగులో స్థిరపడిన సమానపదం లేదు కనుక ఈ వ్యాసంలో అలాగే వాడడమైనది.

మాట కొత్తదైనా విషయానికి పాత పేర్లు లేకపోలేదు. అమరకోశంలోని నాట్యవర్గం స్త్రీవేషం ధరించి నర్తించే పురుషునికి భ్రుకుంసుడు అని పేరు చెప్పినది. భరతుని నాట్యశాస్త్రం పాత్రధారణను మూడు విధాలుగా విభజించినది. నటుడు తన స్త్రీపురుషత్వానికి, వయసుకు తగిన పాత్ర వేయడం అనురూప. పిల్లవాడు ముసలివాడుగానో, ముసలివాడు పిల్లవాడుగానో రావడం విరూప. పురుషుడు స్త్రీపాత్రను, స్త్రీ పురుషపాత్రను ధరించడం రూపానుసారిణి. మూడవది మినహాయింపుగా కాక, మిగిలిన రెండింటితో సమానమైన విధంగా చెప్పబడడం గమనించదగినది. తెలుగు భారతంలో వాడిన పేడి అనే మాట వేరు. అది వేషాన్ని కాక దేహస్థితిని చెప్పేది. వేషం వేరు, స్థితి వేరు అన్న ఈ తేడాను చెరిపివేస్తే పాత నాటకాలు సరిగా అర్థం కావు. స్త్రీపాత్ర ధరించిన నటుడు క్వీర్ వ్యక్తి కానవసరం లేదు. స్త్రీపాత్రధారుల సొంత జీవితాలను గురించి వారి పాత్రలనుబట్టి ఊహలు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

బృహన్నల

పదమూడవ శతాబ్దంలో నెల్లూరు పాలకుడైన మనుమసిద్ధి వద్ద మంత్రిగా ఉన్న తిక్కన, మహాభారతాన్ని విరాటపర్వం నుండి మొదలుపెట్టి తెలుగు చేసాడు. పాండవులైదుగురూ ద్రౌపదీ తమ పేర్లను, వేషాలను, వృత్తులను మార్చుకొని ఏడాదిపాటు దాగి ఉండే కథ కనుక, భారతంలో నాటకానికి ఇంతగా ఒదిగే పర్వం మరొకటి లేదు. రాజు జూదగాడవుతాడు, మహాబలుడు వంటవాడవుతాడు, మహారాణి సైరంధ్రి అవుతుంది. వీరిలో వేషంతోపాటు స్త్రీపురుషత్వం కూడా మారినది అర్జునుడికి మాత్రమే.

ఆ మార్పుకు మూలం స్వర్గంలో జరిగినది. తనను కోరి వచ్చిన ఊర్వశిని అర్జునుడు తల్లివంటిదానవని నిరాకరించగా ఆమె నపుంసకుడివి కమ్మని శపించినది. ఇంద్రుడు ఆ శాపాన్ని ఒక్క ఏడాదికి కుదించాడు. అజ్ఞాతవాసానికి అదే అక్కరకు వచ్చినది. బృహన్నల అనే పేరుతో అర్జునుడు విరాటుని అంతఃపురంలో రాకుమారి ఉత్తరకు నాట్యం నేర్పుతాడు.

రంగస్థలంమీద ఎక్కువగా పండే ఘట్టం ఉత్తర గోగ్రహణం. కౌరవసేనను చూసి భయపడి రథం దిగి పారిపోతున్న ఉత్తరకుమారుడిని బృహన్నల తరుముతాడు. జడ ఊగుతూ, చీరకుచ్చెళ్ళు ఎగురుతూ పరుగెడుతున్న ఆ ఆకారాన్ని చూసి సైనికులు నవ్వుతారు. కొంత ఆడగా, కొంత మగగా ఉన్న ఈ వ్యక్తి ఎవరని కౌరవవీరులు తర్కించుకుంటారు. కొద్దిసేపటికే నవ్వినవారిని ఆ చేతులే గెలుస్తాయి. హాస్యం బృహన్నలతో మొదలై, పిరికివాడైన రాకుమారుడిమీదికి, ఆపైన నవ్విన సైన్యంమీదికి మళ్ళడం ఈ ఘట్టంలోని బలం. నవ్వు మొత్తం జడమీదే ఆగిపోయేటట్లు ఆడించిన ప్రదర్శనలు కూడా ఉంటాయి. అవి కథకు న్యాయం చేసినట్లు కాదు.

కథ ముగింపులో మరొక మెలిక ఉన్నది. విరాటుడు తన కూతురును అర్జునుడికి ఇస్తానంటాడు. అర్జునుడు తాను ఏడాదిపాటు ఆమెకు గురువుగా, తండ్రివలె అంతఃపురంలో మెలగినవాడినని చెప్పి, ఆమెను తన కుమారుడు అభిమన్యుడికి భార్యగా, తనకు కోడలుగా స్వీకరిస్తాడు. లోకం ఆ ఏడాదిని శంకించకుండా ఉండడం కూడా ఇందులోని ఆలోచన. వేషం తీసేసిన తరువాత, వేషంలో గడిపిన కాలానికి జవాబు చెప్పవలసి వస్తుందని ఈ ఒక్క చోట కథ గుర్తుచేస్తుంది.

విరాటపర్వ కథను తిరుపతి వేంకట కవులు పాండవ ప్రవాసంలో వాడుకున్నారు. విశ్వనాథ సత్యనారాయణ నర్తనశాల అనే నాటకం వ్రాసాడు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ఆడించిన కీచకవధతోనే సురభి నాటకసమాజాల చరిత్ర మొదలవుతుంది. నాటకాలలోనూ సినిమాలలోనూ కీచకుడు చీకటిలో ద్రౌపది అనుకొని చేరబోయేది మేలిముసుగులో ఉన్న భీముడిని. కీచకుడి శృంగారం ఒక మగవాడి చేతిలో చావుగా పరిణమించడం చూసి ప్రేక్షకులు నవ్వుతారు, తృప్తి పడతారు కూడా. 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన నర్తనశాల చలనచిత్రంలో నందమూరి తారకరామారావు బృహన్నలగా నటించాడు. వీరపాత్రలకు పేరుపడిన కథానాయకుడు ఆ పాత్రను వెక్కిరింపు లేకుండా, ఒద్దికగా పోషించడం తరువాతి తరాల మనసులో బృహన్నల రూపాన్ని స్థిరపరచినది.

సంస్కృత నాటకాల అనువాదాలు

నెల్లూరు నాటకచరిత్రలో వేదం వేంకటరాయ శాస్త్రి (1853-1929) పేరు ముఖ్యమైనది. ప్రతాపరుద్రీయం కర్త అయిన ఈయన 1899లో నెల్లూరులో ఆంధ్రభాషాభిమాని నాట్యసమాజాన్ని స్థాపించాడు. ఈయన తెలుగు చేసిన సంస్కృత రూపకాలలో శ్రీహర్షుని ప్రియదర్శిక ఒకటి. దాని మూడవ అంకంలో నాటకంలో నాటకం ఉన్నది. ఉదయనుడు, వాసవదత్తల పూర్వప్రణయాన్ని అంతఃపురంలో రాణి ఎదుట ప్రదర్శించాలి. వాసవదత్తగా ఆరణ్యక, ఉదయనుడుగా ఆమె చెలికత్తె మనోరమ నటించాలని ఏర్పాటు. అంటే ఒక స్త్రీ మగవేషంలో మరొక స్త్రీతో ప్రణయఘట్టం ఆడడం రాజాంతఃపురంలో ఎవరికీ అభ్యంతరం కాని వినోదం. మనోరమకు బదులుగా నిజమైన రాజే రహస్యంగా ఆ పాత్రలోకి వచ్చినప్పుడు మాత్రమే రాణికి కోపం వస్తుంది. ఈ నాటికను పురుషులే ఉన్న సమాజం ఆడితే ఆరణ్యక, మనోరమ, రాణి ముగ్గురూ మగవారే అవుతారు. ఒక్క ఉదయనుడే వేషమార్పు లేనివాడు.

భవభూతి మాలతీమాధవంలో వేషమార్పు పెళ్ళిదాకా పోతుంది. మాలతిని ఇష్టంలేని వరుడు నందనుడికి ఇవ్వబోతే, మాధవుని మిత్రుడు మకరందుడు మాలతి వేషంలో పెళ్ళిపీటలమీద కూర్చుంటాడు. పైగా ఆ వేషంతోనే వరుడి చెల్లెలు మదయంతికను కలుసుకొని తనతో తీసుకొనిపోతాడు. ఇష్టంలేని పెళ్ళి తప్పించడానికి పెళ్ళికూతురు స్థానంలో మగవాడిని కూర్చోబెట్టే ఈ ఉపాయం తెలుగు పాఠకునికి వెంటనే మరొక నాటకాన్ని జ్ఞాపకం చేస్తుంది.

కన్యాశుల్కం

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. నేడు అందరూ చదివేది 1909లో వెలువడిన, బాగా పెంచి తిరగవ్రాసిన రెండవ కూర్పు. సంఘసంస్కరణ నాటకంగా, వాడుకభాషలో వచ్చిన గొప్ప నాటకంగా దీనిని గురించి ఎంతో వ్రాసారు. కథ మొత్తం ఒక వేషమార్పుమీద నిలబడి ఉన్నదన్న సంగతి ఆ చర్చలో కొంత మరుగున పడుతుంది.

అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని డబ్బు తీసుకొని ముసలివాడైన లుబ్ధావధానులుకు ఇవ్వడానికి నిశ్చయిస్తాడు. ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి నాటకాలలో విదూషకుడు. మాటలతో బావగారిని మార్చలేనని గ్రహించి, అతడు తనకు తెలిసిన విద్యను ప్రయోగిస్తాడు. తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, తన కూతురని చెప్పి, తక్కువ వెలకు లుబ్ధావధానులుకే పెళ్ళి చేస్తాడు. పెళ్ళి శాస్త్రోక్తంగా జరుగుతుంది. తరువాత మాయపెళ్ళికూతురు వేషం తీసేసి పరారవుతుంది. కనిపించని పెళ్ళికూతురును ముసలివాడు చంపాడని నేరారోపణ వచ్చి, కథ విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి చేరుతుంది.

ఆనాటి పాఠకునికి ఇందులో నవ్వు, సంస్కరణ రెండూ కనిపించాయి. నేటి పాఠకుడు అడిగే ప్రశ్న వేరు. బాలికలను అమ్మే సమాజంలో పెళ్ళికూతురు అంటే చీర, నగలు, సిగ్గు, వెల. ఇవి నాలుగూ ఉంటే లోపల ఎవరున్నారో చూసేవాడు లేడు. బేరం ఆడిన రామప్పపంతులు గాని, మంత్రాలు చదివినవారు గాని, వరుడు గాని గుర్తించలేదంటే తప్పు శిష్యుడి నటనలో కాదు, వారు చూసే చూపులో ఉన్నది. స్త్రీత్వం కట్టుకొనే వేషమే అన్న మాటను సిద్ధాంతంగా ఎక్కడా చెప్పకుండానే నాటకం నడిపించినది. ఇక్కడ ఒక పసిపిల్ల జీవితం పందెంలో ఉన్నది కనుక ఈ మోసాన్ని ప్రేక్షకుడు సంతోషంగా క్షమిస్తాడు.

ఇంగ్లండులో బెన్ జాన్సన్ 1609లో ఎపిసీన్ అనే హాస్యనాటకంలో ఇటువంటి కథనే నడిపాడు. చప్పుడంటే పడని ధనికుడొకడు నోరెత్తని పిల్లను పెళ్ళాడతాడు. చివరకు ఆ పిల్ల మగపిల్లవాడని తేలుతుంది. అక్కడ రహస్యం ప్రేక్షకులకు కూడా చివరిదాకా తెలియదు. గురజాడ మొదటినుండే ప్రేక్షకుడిని కుట్రలో భాగస్వామిని చేసాడు. అందువలన జాన్సన్ నాటకంలో ఆశ్చర్యం, కన్యాశుల్కంలో భయం కలిసిన నవ్వు పుడతాయి. ప్రతి క్షణం బయటపడిపోతుందేమోనన్న ఆ భయమే శిష్యుడి సన్నివేశాలకు ప్రాణం.

రెండవ వేషమార్పు మధురవాణిది. సౌజన్యారావు పంతులు నాచ్ వ్యతిరేకోద్యమంవాడు, వేశ్యను గడప తొక్కనివ్వడు. నిరపరాధి అయిన ముసలివాడిని కాపాడే రహస్యం మధురవాణి దగ్గర ఉన్నది. ఆమె మగవేషంలో అతని ఇంటికి వెళుతుంది. మగవాడనుకున్నంతసేపు పంతులు ఆమెతో సమానుడితో మాట్లాడినట్లు తీరికగా, గౌరవంగా మాట్లాడతాడు. స్త్రీగా, అందులో వేశ్యగా ఆమెకు ఎన్నడూ దొరకని సంభాషణ ఇది. రహస్యానికి ప్రతిఫలంగా ఒక ముద్దు అన్న బేరం వచ్చినప్పుడు పంతులు నియమం సడలుతుంది. అప్పుడు చెడనివారిని చెడగొట్టకూడదన్న తన తల్లి మాట చెప్పి మధురవాణే విరమిస్తుంది. పంతులు ఆమెకు భగవద్గీత ఇస్తాడు. శిష్యుడి వేషం ఒక బాలికను కాపాడితే, మధురవాణి వేషం ఆమెను కాసేపు మనిషిగా నిలబెట్టినది.

రంగస్థలంమీద ఈ పొరలు ఇంకా పెరుగుతాయి. స్థానం నరసింహారావు మధురవాణిగా ప్రసిద్ధుడు. ఆ దృశ్యంలో ఒక పురుషుడు స్త్రీగా నటిస్తూ, ఆ స్త్రీ పురుషుడుగా నటిస్తున్నట్లు నటించాలి. మగవేషం వేసుకున్నప్పుడు కూడా అది ఆడమనిషి వేసుకున్న మగవేషంలాగే కనబడాలి, కాని పంతులుకు తెలియకూడదు. తెలుగు నాటకంలో ఇంతకంటె కష్టమైన అభినయం అడిగే సన్నివేశాలు తక్కువ. పి.పుల్లయ్య దర్శకత్వంలో 1955లో వచ్చిన చలనచిత్రంలో మధురవాణిగా సావిత్రి నటించినది. స్త్రీయే ఆ పాత్ర ధరించడంతో పొరల్లో ఒకటి తగ్గినది.

చిత్రాంగద, ప్రమీల

స్త్రీ పురుషుడుగా పెరగడం, స్త్రీలే రాజ్యమేలడం ఇతివృత్తంగా ఉన్న కథలు తక్కువ. వాటిలో రవీంద్రనాథ్ టాగూరు 1892లో వ్రాసిన చిత్రాంగద ముఖ్యమైనది. మణిపుర రాజు తన కూతురునే కొడుకుగా పెంచుతాడు. ఆమెకు విల్లు తెలుసు, పాలన తెలుసు, స్త్రీల విలాసాలు తెలియవు. అడవిలో ఆమెను చూసిన అర్జునుడు పిల్లవాడనుకుంటాడు. అతనిని ప్రేమించిన చిత్రాంగద మన్మథుని, వసంతుని వేడుకొని ఒక్క ఏడాదికి సౌందర్యాన్ని పొందుతుంది. ఇక్కడ స్త్రీసౌందర్యమే అరువు తెచ్చుకున్న వేషం, గడువు దానికే. గడువు తీరినప్పుడు ఆమె తన అసలు రూపంతోనే అర్జునుడి ఎదుట నిలుస్తుంది. టాగూరు దీనినే 1936లో నృత్యనాటకంగా మలిచాడు. బెంగాలీ దర్శకుడు ఋతుపర్ణ ఘోష్ 2012లో తీసిన చిత్రాంగద చలనచిత్రం ఈ కథను లింగమార్పిడి కోరుకొనే నర్తకుడి కథగా తిరగవ్రాసినది.

టాగూరు రచనలు తెలుగువారికి చేరిన దారులలో ఒకటి బుచ్చిరెడ్డిపాలెం మీదుగా సాగినది. ఆ ఊరిలో 1907లో జన్మించిన బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతనంలో చదివి, టాగూరు రచనలనెన్నిటినో తెలుగులోకి అనువదించాడు. 1955-56లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రిగా, తరువాత కేంద్రమంత్రిగా, ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన ఈయనను సాహిత్యలోకం ఎక్కువగా ఆ అనువాదాలతోనే గుర్తుపెట్టుకున్నది.

జైమిని భారతంలోని ప్రమీల కథ పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని కావ్యం ద్వారా తెలుగులో ప్రచారం పొందినది. పురుషులు లేని రాజ్యాన్ని ఏలే ప్రమీల అశ్వమేధ యాగాశ్వాన్ని కట్టివేస్తుంది. నాటకాలుగా, 1965లో చలనచిత్రంగా వచ్చిన ఈ కథలో స్త్రీల రాజ్యం అర్జునుడు వచ్చేదాకానే నిలుస్తుంది. పెళ్ళితో అంతా సర్దుకుంటుంది. చిత్రాంగదతో పోల్చితే ఇది పలుచని కథ.

భామాకలాపం, పగటివేషాలు

సిద్ధేంద్రయోగి రచించాడని చెప్పబడే భామాకలాపం కూచిపూడి సంప్రదాయానికి గుండెకాయ వంటిది. ఆ గ్రామంలోని బ్రాహ్మణ కుటుంబాలలో పుట్టిన ప్రతి పురుషుడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆచారం. తెరమీదుగా జడను బయటకు వేసి, తనతో సమానులెవరని సవాలు చేస్తూ సత్యభామ ప్రవేశించడం ప్రేక్షకులు ఎదురుచూసే ఘట్టం.

వేషమార్పు దృష్టితో చూస్తే సత్యభామకన్నా సూత్రధారుడే ఆసక్తికరమైనవాడు. అతడు సత్యభామతో మాట్లాడేటప్పుడు ఆమె చెలికత్తె మాధవి, కృష్ణుడితో మాట్లాడేటప్పుడు అతని నేస్తం మాధవుడు. చీర కట్టడు, ముఖానికి రంగు మార్చడు. గొంతులో, నిలుచున్న తీరులో, ఉత్తరీయాన్ని సర్దుకోవడంలో చిన్న తేడా చాలు. భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడే సత్యభామను ఆటపట్టించేదీ, ఉత్తరం చేరవేయడానికి ముక్కుకు పెట్టుకొనే నగ కావాలని బేరమాడేదీ మాధవియే. స్త్రీవేషం సంపూర్ణంగా వేసిన సత్యభామ పక్కన, వేషమే లేకుండా స్త్రీ అయిన మాధవి నిలబడడం ఈ కలాపంలోని వింత. ఒక్క పాత్రలో రెండు లింగాలు గడువు లేకుండా, శాపం లేకుండా, సంజాయిషీ లేకుండా ఉన్న అరుదైన ఉదాహరణ ఇది. సూత్రధారునికి ఈ స్వేచ్ఛ ఉండడానికి కారణం అతడు కథకు సగం బయట ఉండడమే కావచ్చును.

వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) సత్యభామ, ఉష, మోహిని పాత్రలతో దేశమంతటా పేరుపొందాడు. పేరంటాలలో ఈయనను స్త్రీయే అనుకున్నారని చెప్పుకొనే కథలు స్త్రీపాత్రధారులందరి గురించీ వినిపించేవే. వాటిని చరిత్రగా కాక మెప్పుగా తీసుకోవడం మేలు. వెంపటి చినసత్యం మద్రాసులో నడిపిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ వంటి సంస్థలద్వారా స్త్రీలు పెద్దసంఖ్యలో ఈ నృత్యంలోకి వచ్చిన తరువాత పురుషుల స్త్రీవేషం వెనుకబడినది. హర్షిత మృత్యుంటి కామత్ 2019లో ప్రచురించిన పరిశోధనగ్రంథం ఈ స్త్రీవేషం ఆడతనాన్ని గురించి కన్నా బ్రాహ్మణ పురుషుని అధికారాన్ని గురించి ఎక్కువ చెబుతుందని వాదించినది. ఏ కులంవాడు చీర కడితే కళ, ఏ కులంవాడు కడితే వెక్కిరింత అన్న ప్రశ్న దానివెనుక ఉన్నది.

పగటివేషగాళ్ళ అర్ధనారీశ్వర వేషం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. ఒకే మనిషి దేహాన్ని నిలువునా రెండుగా అలంకరించుకొని, చేతిలోని తెరగుడ్డతో ఒక సగాన్ని కప్పి మరొక సగాన్ని చూపుతూ శివుడుగా, పార్వతిగా మారిమారి ఆడతాడు.

స్త్రీపాత్రధారులు

1880 ప్రాంతంలో ధార్వాడ నాటకసమాజం ఆంధ్రదేశంలో పర్యటించిన తరువాత పట్టణాలలో ఔత్సాహిక సమాజాలు వెలిసాయి. వీటిలో ప్లీడర్లు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు నటులు. ఆడగల స్త్రీలు చాలావరకు కళావంతుల కుటుంబాలవారు. 1890లలో నాచ్ వ్యతిరేకోద్యమం బలపడినకొద్దీ వారితో వేదిక పంచుకోవడం అప్రతిష్ఠ అయినది. ఒకవైపు పాడగల, ఆడగల స్త్రీలను తొలగిస్తూ, మరొకవైపు వారి హొయలను అనుకరించే పురుషులకు బంగారు పతకాలు ఇవ్వడం ఆ కాలపు వైరుధ్యం. స్త్రీపాత్రధారుల ప్రతిభను పొగిడే వ్యాసాలు ఈ సంగతిని సాధారణంగా దాటవేస్తాయి. సురభివారు దీనికి మినహాయింపు. కుటుంబసమాజం కనుక వారి స్త్రీలే స్త్రీపాత్రలు ధరించారు.

బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు, 1920లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి పాత్రధారి రాకపోగా ఆ వేషం వేసి రంగప్రవేశం చేసాడు. తెనాలి రామవిలాస సభలో పేరు తెచ్చుకొని, శ్రీకృష్ణతులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, విప్రనారాయణలో దేవదేవి, రోషనార వంటి పాత్రలను తనవిగా చేసుకున్నాడు. ప్రతి పాత్రకు వేరే నడక, వేరే చీరకట్టు ఉండేవని చూసినవారు చెప్పేవారు. 1956లో పద్మశ్రీ పొందాడు. నటస్థానం అనే పుస్తకంలో తన కళను గురించి వ్రాసుకున్నాడు. 1971లో మరణించాడు. మరాఠీలో బాలగంధర్వ, గుజరాతీలో జయశంకర్ సుందరి వలె, తెలుగులో ఒక తరం స్త్రీల అలంకరణకు ఒక పురుషుడు ఒరవడి దిద్దాడని చెప్పవచ్చును. పౌరాణిక నాటకాలలో ఈ సంప్రదాయాన్ని బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి ఇరవయ్యవ శతాబ్దం చివరిదాకా నిలిపాడు.

బళ్ళారి రాఘవ (1880-1946) ఈ పద్ధతిని వ్యతిరేకించాడు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలని వాదించి, చదువుకున్న కుటుంబాల స్త్రీలను రంగస్థలానికి ఆహ్వానించాడు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయన సరసన నటించినది. రాఘవ కోరినది సహజత్వం. అది న్యాయమైన కోరికే. అయితే సహజత్వం గెలిచినకొద్దీ, స్త్రీపురుషత్వాలను అటూ ఇటూ మార్చగల పాత రంగస్థల స్వేచ్ఛ కుంచించుకుపోయి, సినిమాలలో మగవాడు చీర కట్టడమంటే వెకిలిహాస్యంగా మిగిలినది.

రంగస్థలం బయట

నిజాం హైదరాబాదు రాజ్యంలో ఫసలీ 1329లో, అంటే 1919-20 ప్రాంతంలో నపుంసకుల గురించి ఒక చట్టం వచ్చినది. వారి పేర్లను నమోదు చేయించి, నమోదైనవారు వీధిలో గాని బహిరంగస్థలంలో గాని స్త్రీవేషంతో, నగలతో కనిపించినా, ఆడినా పాడినా, బహిరంగ వినోదంలో పాల్గొన్నా వారంటు లేకుండా అరెస్టు చేసి రెండేళ్ళదాకా జైలులో ఉంచవచ్చునని అందులో ఉన్నది. స్థానం నరసింహారావు బాపట్లలో తొలిసారి చీర కట్టి రంగంమీద నిలిచినది 1920లో. బాపట్ల మద్రాసు రాజధానిలో ఉన్నది కనుక ఆ చట్టం అక్కడ వర్తించదు. వర్తించినా అది నటుల కోసం చేసినది కాదు. అయినా రెండు సంఘటనలనూ పక్కపక్కన ఉంచి చూడవలసిందే. ఒకే భాష మాట్లాడే ప్రజల మధ్య, ఒకే కాలంలో, చీర కట్టిన ఒకరికి పతకం, మరొకరికి సంకెల. తేడా తెరలో ఉన్నది. నాటకం ముగిశాక ఒకరు చీర విప్పుతారు, మరొకరు విప్పరు.

ఆ చట్టం రాష్ట్రాలు మారినా తెలంగాణ ప్రాంతంలో పుస్తకాలలో కొనసాగి, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. అంతకుముందే 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను తృతీయ లింగంగా గుర్తించినది. 2018లో పెద్దల మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధాలు నేరం కావని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యాలనాటికి పత్రికలలో హిజ్రాలను గౌరవంగా సూచించడానికి బృహన్నల అనే పేరును కొందరు వాడసాగారు. ఆ పేరును ఇష్టపడనివారు చెప్పే కారణం పురాణకథలోనే ఉన్నది: బృహన్నల ఏడాది తిరిగేసరికి అర్జునుడైపోయాడు.

ఇవి కూడా చూడండి: కన్యాశుల్కం, భామాకలాపం, స్థానం నరసింహారావు, సురభి నాటకసమాజం, బెజవాడ గోపాలరెడ్డి